పైపు వచ్చిన ఆదివారం

ఆదివారం, శ్రీకాకుళం.

పదకొండు రోజులుగా ఎదురుచూస్తున్న పార్సిల్ నిన్న సాయంత్రం ఆర్టీసీ కార్గో కౌంటరులో చేతికందింది. అందులో ఉన్నది రెండు చోట్ల వంపు తిరిగిన నల్లటి రబ్బరు గొట్టం ఒక్కటే. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, వేడెక్కాక దాన్ని రేడియేటర్ పైభాగానికి చేర్చే హోస్ పైపు అది. పుణెలో పాత ఫియట్ల విడిభాగాలు దాచి ఉంచే ఒక దుకాణదారు వెతికి పంపాడు. అంతకుముందు వేరే దుకాణం నుంచి తెప్పించినది డీజిల్ బండి పైపని తేలి తిప్పి పంపవలసి వచ్చింది. అందుకే నిన్న రాత్రి పడుకునే ముందు పాత పైపు ఫొటో పక్కన పెట్టుకుని, కొత్తదాని వంపులను మూడుసార్లు సరిచూసుకున్నాను.

నా కారు 2011లో రిజిస్టరైన ఫియట్ లీనియా టీ-జెట్. లీనియా 2009లో మన దేశానికి వచ్చింది. ఆ మరుసటి ఏడు దానికి 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ జోడించి టీ-జెట్ అన్నారు. 114 హార్స్‌పవర్, 207 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) అంటే ఈ రోజుల్లో పెద్ద సంఖ్యలు కావేమో గానీ, ఆ కాలంలో ఆ ధరకు దొరికే సెడాన్లలో అంత సత్తువ ఉన్నవి చాలా తక్కువ. నేను దీన్ని ఆరేళ్ల కిందట విశాఖపట్నంలో మొదటి యజమాని దగ్గర కొన్నాను. అప్పటికే కొత్త ఫియట్ల అమ్మకాలు ఆగిపోతున్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చేసరికి ఆ పేరుతో కొత్త కారు కొనే వీలే లేకుండా పోయింది. కొనేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కొన్నాను.

డీజిల్ లీనియా ఉన్నవారికి నాకున్నంత చిక్కు లేదు. ఆ కారులోని 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజన్ మారుతీ స్విఫ్ట్‌లోనూ, టాటా ఇండికా విస్టాలోనూ ఉన్నదే కాబట్టి, ఇక్కడి నుంచి పలాస దాకా ఏ మెకానిక్కయినా దాని లోతుపాతులు చెప్పగలడు, ఇంజన్ సామానుకు కూడా కొరత ఉండదు. టర్బో పెట్రోల్‌కు అటువంటి చుట్టరికం లేదు. అందువల్ల ఈ బండి ఉన్నవాడు తన బండి గురించి తానే చదువుకోవాలి, ఏ భాగానికి ఏ నంబరో రాసి పెట్టుకోవాలి, పాడవబోయే దాన్ని పాడవకముందే తెప్పించి ఇంట్లో ఉంచుకోవాలి. నా బీరువా కింది అరలో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రెండు ఆయిల్ ఫిల్టర్లు ఎప్పుడూ ఉంటాయి. ఈ పైపు మాత్రం లేకపోయింది, ఎందుకంటే పద్నాలుగేళ్లు నిలిచిన రబ్బరు ఇంకో రెండేళ్లు నిలుస్తుందని అనుకున్నాను.

పొద్దున్న ఏడింటికి మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంటు పని పెట్టుకోవాలని అతని నియమం. బానెట్ ఎత్తి టార్చి వేసి చూపించాడు. క్లిప్పు బిగించిన చోటుకు అంగుళం ఇవతల, వెంట్రుక మందాన చీలిక, దాని చుట్టూ ఎండిపోయిన కూలెంటు ఉప్పు పేరినట్టు తెల్లగా కట్టింది. వేలితో వంచితే చీలిక నోరు తెరుచుకుంది. ఇన్నాళ్లూ అందులోంచి చుక్క చుక్కగానే పోయింది కాబట్టి డబ్బాలో మట్టం చూసుకుంటూ ఊళ్లో తిరగగలిగాను. అదే హైవే మీద ఒక్కసారిగా తెగి ఉంటే, నేను వేడి చూపే సూది చూసి బండి ఆపేలోపే ఇంజన్ మితిమీరి వేడెక్కి, సిలిండర్ హెడ్ వంగి, గ్యాస్కెట్ కాలిపోయేది. ఈ పైపు ఖరీదుకు ఎన్నో రెట్ల ఖర్చు మీద పడేది.

"ఈ వంపున్న పైపు మనకాడ దొరికితే ఎప్పుడో ఏసేద్దుము మాస్టారూ. వేరేది కోసి తొడిగితే మడత పడిపోద్ది, నీళ్లు పారవు" అన్నాడు. పదకొండు రోజుల క్రితం కూడా ఈ మాటే అన్నాడు. ఏదో ఒకటి తగిలించి పంపించేసే వీలున్నా ఆ పని చేయని మనిషి దొరకడం ఇలాంటి కారుకు అన్నిటికన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. మెకానిక్ సరైనవాడు కాకపోతే ఎంత మంచి కారైనా రెండేళ్లలో ఇనుప సామానుగా మారిపోతుంది. అతను పాత క్లిప్పులు కూడా తీసేసి కొత్తవి వేశాడు. డిస్టిల్డ్ వాటరుతో కలిపిన కూలెంటు పోసి, లోపల చిక్కుకున్న గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజన్ నడుపుతూ పక్కనే నిలబడ్డాడు. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుపోతుందని మొదట్లో నాకు చెప్పినవాడు కూడా అతనే.

మధ్యాహ్నం భోజనం అయ్యాక అమ్మను తీసుకురావడానికి నరసన్నపేట బయలుదేరాను. అమ్మ నాలుగు రోజులుగా అక్క ఇంట్లో ఉంది. ఊరు దాటి జాతీయ రహదారి ఎక్కేదాకా ఈ కారు ప్రత్యేకత ఏమీ తెలియదు. పైపెచ్చు, తక్కువ వేగంలో కాస్త బద్ధకంగానే ఉంటుంది. ఇంజన్ వదిలే పొగే టర్బో చక్రాన్ని తిప్పి, ఆ చక్రం గాలిని ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి నెట్టాలి గనుక, ఆ ఒత్తిడి కూడేదాకా ఓపిక పట్టక తప్పదు. మడపాం దగ్గర వంశధార వంతెన ఇంకా రాకముందు, బియ్యం బస్తాల లారీ ఒకటి అడ్డం వచ్చింది. కుడివైపు దారి ఖాళీ అయ్యాక మూడో గేరులోకి దించి ఆక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ చుట్లు చూపే సూది రెండు వేలు దాటిన మరుక్షణం, వెనుక నుంచి ఎవరో అరచేత్తో నెమ్మదిగా, గట్టిగా తోసినట్టు బండి ముందుకు సాగింది. కుదుపు లేదు, అరుపు లేదు. సన్నని ఈల వంటి చప్పుడు ఒక్కటే బానెట్ కింద నుంచి వినిపించింది. హైడ్రాలిక్ స్టీరింగ్ బరువుగా, నిబ్బరంగా చేతిలో నిలిచి, చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో అరచేతులకు చెబుతూనే ఉంది. నేను నడిపిన కొత్త కార్లలో స్టీరింగ్ ఇంతకంటే తేలిక, కానీ ఈ మాటలాడే గుణం వాటిలో నాకు కనిపించలేదు. పదకొండు రోజులు ఎదురుచూసింది ఈ పది క్షణాల కోసమేనంటే నాకు అతిశయోక్తి అనిపించదు.

ఖర్చు లేదని చెప్పను. ఊళ్లో తిరిగితే లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు దాటదు. వచ్చే ఏడాది 15 ఏళ్లు నిండుతాయి కాబట్టి ఫిట్‌నెస్ పరీక్ష, హరిత పన్ను, రిజిస్ట్రేషన్ పొడిగింపు ఉన్నాయి. కళింగపట్నం బీచికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అడుగుభాగం కడిగించాలి.

అమ్మకు ఫియట్ అంటే ప్రీమియర్ పద్మినే. తన పెళ్లి ఊరేగింపు ఆ కారులోనే జరిగిందని, ఆ రోజుల్లో ఊరంతటికీ అదొక్కటే కారని తిరుగు ప్రయాణంలో మళ్లీ చెప్పింది. నేను ఊ కొడుతూనే వేడి చూపే సూది మీద ఒక కన్ను వేసి ఉంచాను. నరసన్నపేట నుంచి ఇంటి దాకా అది సగం గీత దగ్గరే కదలకుండా ఉంది.

గట్టిగా నడిపి వచ్చిన టర్బో ఇంజన్‌ను వెంటనే ఆపకూడదు. లోపల చక్రం ఇంకా వేడిగా ఉండగానే ఆయిల్ ప్రవాహం ఆగిపోతే దాని బేరింగులు దెబ్బతింటాయి. అందుకని ఇంటి ముందు ఆగాక కూడా ఒక నిమిషం ఇంజన్‌ను అలాగే నడవనిచ్చాను. మొదట్లో అమ్మ ఆ నిమిషం ఆగేది కాదు, తలుపు తీసుకుని దిగిపోయేది. ఈ రోజు మాత్రం ఒళ్లోని అరిసెల డబ్బా మీద రెండు చేతులూ పెట్టుకుని, నేను తాళం తిప్పేదాకా కదలకుండా కూర్చుంది. "అయిందా బాబూ, దిగమంటావా?" అని అడిగి, అప్పుడు తలుపు తీసింది.

ఆమె లోపలికి వెళ్లాక బానెట్ ఎత్తి, టార్చి వెలుగులో కొత్త క్లిప్పు చుట్టూ గుడ్డతో తుడిచి చూశాను. గుడ్డ పొడిగానే ఉంది.