ఉత్తరం సందులో ఒక ఏడాది

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ఉత్తరాన, ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య నాలుగున్నర అడుగుల సందు ఉంది. ప్రహరీని ఆనుకుని పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున మడి కట్టించాను. నీడ మొక్కలు పెంచాలని మొదలుపెట్టిన ఆ మడి లెక్క ఇది.

డిసెంబరు: మొక్కలు కొనే ముందు ఎండ ఎంత పడుతుందో చూడాలని ఎక్కడో చదివాను. నాలుగు ఆదివారాలు ఉదయం ఎనిమిదికి, పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు సందులోకి వెళ్ళి నోటుపుస్తకంలో రాశాను. పన్నెండు గడుల్లోనూ సున్నాలే. ఆ సున్నాలు చూసి చాలా సంబరపడ్డాను.

మట్టి పని వారం పట్టింది. మాది నల్లమట్టి, వానకు బంక, ఎండకు బీటలు. అడుగు లోతు తవ్వి, రెండు వంతుల మట్టికి ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, రెండు కిలోల వేపపిండి చల్లాను. నీళ్ళు నిలవకుండా చుట్టూ ఇటుకలు పేర్చి మడిని అర అడుగు ఎత్తు లేపాను. ఈ ఒక్క పనికి మాత్రం ఏడాదిలో ఎప్పుడూ చింతించలేదు.

నర్సరీలో ఆరు అగ్లోనీమాలు, నాలుగు ఫెర్న్‌లు, రెండు సింగోనియంలు, ఒక తమలపాకు తీగ తీసుకున్నాను. డీఫెన్‌బేకియా అందంగా ఉన్నా వద్దనుకున్నాను. దాని ఆకు కొరికితే నోరు మండి వాస్తుంది, మా ఇంట్లో రెండేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. అత్తయ్య కోరిక మీద రెండు కనకాంబరాలు, ఒక మల్లె కూడా వచ్చాయి.

మార్చి: అన్నీ పచ్చగా ఉన్నాయి, మల్లె తప్ప. అది ఎండ కోసం మెడ చాచి సన్నగా సాగింది, ఒక్క మొగ్గ లేదు. కుండీలోకి మార్చి మేడ మీదికి చేర్చాను.

మే రెండో వారం: మూడు రోజుల్లో అగ్లోనీమా ఆకుల మీద ఇస్త్రీపెట్టె ఆనించినట్టు మచ్చలు వచ్చాయి. తెగులనుకుని మిట్టమధ్యాహ్నం వేపనూనె పిచికారీ చేశాను. ఎండలో నూనె పడిన ఆకులు ఇంకా మాడాయి. నా గోల విని అత్తయ్య కిటికీలోంచి చూసి, “నీడేమిటమ్మాయీ, మేడ ఎక్కలేని ఏడు నేను మాగాయ ముక్కలు ఆ సందులోనే ఎండబెట్టాను” అన్నారు.

ఉత్తరాయణం అంటే నాకు సంక్రాంతి ముగ్గుల వరకే తెలుసు. గుంటూరు సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడేమో జూన్‌లో 23.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా నడినెత్తికి వస్తాడు. అంటే మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఇంటి నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తే కాబట్టి ఇరవై అడుగుల మా ఇల్లు ఉత్తరానికి పదిహేడు అడుగుల నీడ పరుస్తుంది. నా సున్నాలన్నీ నిజమే, ఆ నెలకు. మేలో మళ్ళీ లెక్క రాస్తే పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా నిఖార్సయిన ఎండ.

మే చివర: ఆరడుగుల ఎత్తున యాభై శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టాను. బతికిన అగ్లోనీమాలను మట్టితో సహా తీసి కుండీల్లో పెట్టి వరండాలోకి మార్చాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా రోలు బాగానే ఉంది, ఫెర్న్‌లు రెండు పోయాయి. ఆ రెండూ ఏసీ బయటి యూనిట్ ఎదుట ఉన్నవి, రాత్రంతా వడగాలి కొట్టింది వాటికి. కనకాంబరాలు మాత్రం ఆ ఎండ చూసి గుత్తులు గుత్తులు పూశాయి.

జూన్: ఖాళీ అయిన నాలుగడుగుల మేర ఏం వేయాలి? మొదట్లో ఎండ, తర్వాత నీడ వచ్చినా సర్దుకునేది కావాలి. పసుపు గుర్తొచ్చింది. దుగ్గిరాల ఎంత దూరమని! అక్కడి పసుపు మార్కెట్ యార్డుకు వచ్చేది ఉడికించి ఎండబెట్టిన సరుకు, అది మొలవదు. ఆ పక్క ఊళ్ళో రైతు దగ్గర పచ్చి కొమ్ములు అడిగి తెచ్చాను. మృగశిర వానలు పడ్డాక రెండేసి కళ్ళున్న ముక్కలు ఎనిమిది, రెండంగుళాల లోతున, అడుగు ఎడంగా పెట్టాను. మూడు వారాలకు మొలకలు.

ఆగస్టు, సెప్టెంబరు: నత్తలు. లేత సింగోనియం ఆకులు జల్లెడ చేశాయి. ఉప్పు చల్లమన్నారు ఎదురింటివారు, మట్టి పాడవుతుందని చల్లలేదు. రాత్రి తొమ్మిదికి టార్చితో ఏరడమే, మొదటి రాత్రి ముప్పై ఒకటి దొరికాయి. నెట్ ఆగస్టు పదిన విప్పేశాను.

మళ్ళీ డిసెంబరు: నాలుగు అగ్లోనీమాలు తిరిగి మడిలోకి వచ్చాయి, ఈసారి కుండీలతో సహా పాతాను, మేలో ఎత్తేయడం తేలిక. తమలపాకు తీగ ప్రహరీ దాటి పక్కవారి వైపు వాలింది, వాళ్ళు అటువైపు ఆకులు కోసుకుంటున్నారు. పసుపు ఆకులు అంచుల్లో పండుతున్నాయి, పూర్తిగా ఎండాక ఫిబ్రవరిలో తవ్వాలి. ఏసీ ఎదుట రెండడుగుల చోటు మాత్రం ఇంకా ఖాళీ. అక్కడ పాత రుబ్బురోలు పెట్టమంటున్నారు అత్తయ్య.