బైపాస్ అయినోడికి స్కూబా ఏంటి అంటే

నేను స్కూబా డైవింగ్ (సిలిండరు గాలి పీలుస్తూ నీళ్ళ అడుగున ఈదడం) నేర్చుకుంటానంటే మా అత్తయ్యయితే ఫోన్లో ఏడ్చినంత పని చేసింది, గుండెకి ఆపరేషన్ అయిన మనిషి సముద్రంలో మునగడమేంటి బాబూ అని. బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్లో కూర్చుని సముద్రం గురించి మాట్లాడుతుంటే మా ఆవిడకి కూడా కామెడీగానే ఉండేది. కానీ నేను చీరాల ఓడరేవు అలల్లో పెరిగినోణ్ణి, నీళ్ళంటే భయం లేదు, బైపాస్ అయ్యి కూడా కొన్నేళ్ళయింది, రోజూ నడుస్తా, మెట్లెక్కుతా. ఇంక డౌటేంటి అనుకుంటాం కదా, ఉంది, చాలానే ఉంది.

డైవింగ్ కోర్సులో చేరేముందు ఒక మెడికల్ ఫారం ఇస్తారు, మొదటి పేజీలో 10 ప్రశ్నలే. ఛాతీ ఆపరేషన్, గుండె ఆపరేషన్, స్టెంట్, పేస్‌మేకర్, వీటిల్లో ఏది ఉన్నా డాక్టర్ సంతకం లేకుండా నీళ్ళలోకి దిగనివ్వకూడదు. ఒక డైవింగ్ సెంటర్లో మాత్రం (పేరెందుకులెండి) "అన్నిటికీ నో పెట్టేయండి సార్, అందరూ అదే చేస్తారు" అన్నాడు, నవ్వుతూ పెన్ను కూడా ఇచ్చాడు. దణ్ణం పెట్టి వచ్చేశా.

మా కార్డియాలజిస్టుకి గుండె గురించి తెలీనిది లేదు గానీ డైవింగ్ ఆయనకీ కొత్తే. అందుకని ఫారంతో పాటు డాక్టర్ల కోసం ఇచ్చే గైడెన్స్ పేజీలు కూడా ప్రింట్ తీసి పట్టుకెళ్ళా, ఓపిగ్గా చదివారు పాపం. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష), ఎకో (గుండె స్కాన్) ఎలాగూ రాశారు. దాంతో పాటు ఊపిరితిత్తుల టెస్టు కూడా రాశారు, ఎందుకంటే బైపాస్‌లో ఛాతీ లోపలి ధమని తీసి వాడేటప్పుడు చాలాసార్లు ఎడమ ఊపిరితిత్తి మీది పొర కూడా తెరుచుకుంటుందట, అక్కడ గాలి ఎక్కడైనా ఇరుక్కునే చోటు ఉంటే పైకి వచ్చేటప్పుడు అది ఉబ్బుతుంది. 10 మీటర్ల లోతులో ప్రెజర్ రెట్టింపు, అక్కణ్ణుంచి పైకొస్తే లోపలి గాలి కూడా రెట్టింపు చోటు అడుగుతుంది మరి. ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముకకి కట్టిన తీగల గురించి మా వదిన తెగ బాధపడింది, నిజానికి వాటికి ఏమీ కాదు, ప్రెజర్‌కి నలిగేది గాలే, తీగ కాదు.

టీఎంటీలో మూడో స్టేజి పూర్తి చెయ్యగలిగితే, అంటే 9 నిమిషాలు, దాదాపు 10 మెట్స్ వస్తాయి, అంటే ఊరికే కూర్చున్నప్పటికంటే ఒళ్ళు పది రెట్లు శ్రమ పడినట్టు. అంత చేసినా నొప్పి, ఈసీజీలో మార్పులు లేకపోతే మంచి గుర్తు. నేను బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మాత్ర) వేసుకునే చేయించుకున్నా, సముద్రంలోకి కూడా ఆ మాత్ర వేసుకునే దిగుతాను కాబట్టి. ఆ మాత్రతో గుండె వేగం ఒక హద్దు దాటదు, కాళ్ళు ముందే చేతులెత్తేస్తాయి, అది ట్రెడ్‌మిల్ మీద తెలిస్తేనే నయం.

అసలు నాకు ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. లోతుకి వెళ్ళకముందే, మెడదాకా నీళ్ళలో నిలబడినా చాలు, కాళ్ళలోని రక్తం అర లీటరు పైనే ఛాతీలోకి తోసుకొస్తుంది. గుండె సాగుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలు పని మొదలుపెడతాయి, చాలామంది డైవర్లకి నీళ్ళలోకి దిగిన కాసేపటికే ఒంటికి వచ్చేది అందుకే (ఇది ఎవరూ బయటికి చెప్పరు). ఆరోగ్యమైన గుండె దాన్ని తట్టుకుంటుంది. బీపీ ఎక్కువున్నోళ్ళకి, పంపింగ్ తక్కువున్నోళ్ళకి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, దగ్గు, ఆయాసం, గులాబీ రంగు నురగ కనపడితే ఇంక ఆలోచించేదేం లేదు, డైవ్ ఆపి నిదానంగా పైకి రావడం, ఆక్సిజన్, ఆసుపత్రి.

పూల్ క్లాసులు బెంగళూరులోనే అయ్యాయి, సముద్రం మాత్రం మురుడేశ్వర్ వెళ్ళి, అక్కణ్ణుంచి బోటులో నేత్రాణి దీవి. మా ఆవిడ దర్శనానికి అని వచ్చింది. బోటు కదిలాక కూడా ఆ 123 అడుగుల శివుడు చాలాసేపు కనపడుతూనే ఉంటాడు.

కిందకి దిగాక చాలా హాయి, బరువుండదు, చిలకచేపలు మన పక్కనే పగడం కొరుకుతుంటాయి, ఆ చప్పుడు కూడా వినపడుతుంది. కష్టమంతా పైనే. 20 కిలోల పైన సామాను తగిలించుకుని ఊగే బోటులో లేచి నిలబడాలి, అలల్లో కిందకి దిగే తాడు దాకా ఈదాలి, చివర్లో నిచ్చెన ఎక్కాలి, గుండె దడదడలాడేది అక్కడ. అందుకే ఇన్‌స్ట్రక్టర్‌తో ముందే మాట్లాడుకున్నా: బోటులో సిలిండరు నేను మొయ్యను, నీళ్ళలోనే బరువుల బెల్టు, సిలిండరు తగిలించిన జాకెట్ విప్పి పైకిస్తా, ఖాళీ ఒంటితో ఎక్కుతా, అలలు పెద్దవైతే ఆ రోజు దిగను. కుర్రాళ్ళు చూస్తున్నారని ఫీలవడం అనవసరం.

ఇంకోటి, బెంగళూరు వాళ్ళు చాలామంది మర్చిపోయేది. మధ్యాహ్నం డైవ్ చేసి రాత్రి బస్సెక్కేస్తారు, ఆఫీసు ఉంది కదా. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఘాట్ ఎక్కడమంటే డైవ్‌లో ఒంట్లో చేరి మిగిలిన నైట్రోజన్‌కి కొంచెం విమానం ఎక్కినట్టే, పైన ప్రెజర్ తగ్గితే అది బుడగలు కట్టొచ్చు. ఒకే డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కకుండా ఆగమంటారు, నేను ఘాట్‌కి కూడా అదే లెక్క పెట్టుకున్నా. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం, మా ఆవిడకి పొద్దున రెండోసారి దర్శనం కూడా అయింది.

వానాకాలం బోట్లు ఉండవు, మళ్ళీ మొదలయ్యేలోపు టీఎంటీ ఇంకోసారి చేయించుకోవాలి. మా బావమరిది కూడా వస్తానంటున్నాడు, ఆయనకి స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు కూడా, చెవి ప్రెజర్ సరిగా చూసుకోకపోతే చెవిలో రక్తం కారొచ్చు. ముందు ఆ ఫారం నింపు బావా అని పంపించా, బ్లూ టిక్ పడింది, ఫారం మాత్రం రాలేదు.