మూడో రీలు: అరేబియా ఇసుక ఇంకా ఎగురుతూనే ఉంది

పాత సినిమా ఫిల్మును నా స్కానర్‌తో డిజిటల్‌గా మార్చే పనిలో నాలుగో వారాంతం కూడా పోయింది. ఇసుక దిబ్బల అంచు అలా కుదురుగా ఉండాల్సిన షాట్‌లో, ఉన్నట్టుండి దిబ్బంతా ఓ గెంతు గెంతుతోంది.

బొమ్మ 1941 నాటి ‘అవుట్‌లాస్ ఆఫ్ ది డెజర్ట్’. హోపలాంగ్ కాసిడీ అనే కౌబాయ్ హీరో 66 సినిమాల్లో ఒకటి. గుర్రాలు కొనడానికి మన కౌబాయ్ ఏకంగా అరేబియా వెళ్తాడు! షేక్ వేషం డంకన్ రెనాల్డోది, తర్వాత టీవీలో సిస్కో కిడ్ అనే కౌబాయ్ హీరో అయిన ఆయనే. నా దగ్గరున్నది 16 ఎంఎం టీవీ ప్రింటు. అమ్మినాయన అటక మీద టెక్సస్ ఎండల్లో ఎన్నేళ్లు మగ్గిందో మరి. డబ్బా తెరవగానే మా ఆవిడ, "గ్యారేజీలో ఏం పులిసిందండీ?" అంది.

ఒకటి, రెండు రీళ్లు స్కాన్ అయిపోయాయి, బాగా వచ్చాయి.

మూడో రీలుతోనే తంటా. మొదట బెల్టు జారుతోందనుకుని మార్చాను. ఫిల్మును అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బిగించాను, వదులు చేశాను. ఫలితం సున్నా. చివరికి స్టీలు స్కేలు తీశాను. కొత్త ప్రింటులో వంద ఫ్రేములు 762 మి.మీ. ఉండాలి. ఈ రీలు పైచుట్లలో 755, మధ్యలో 752, బొబ్బిన్ దగ్గర 750.5. అంటే లోపల ఒకటిన్నర శాతం కుంచించుకుపోయింది. పాత ఫిల్ము చెడితే వచ్చే వెనిగర్ ఆవిరి బయటికి పోలేక లోపలే ఉండిపోయినట్టుంది.

అక్కడ ఫ్రేముకు 0.115 మి.మీ. తగ్గింది. నా స్కానర్‌లో మి.మీ.కి 200 పిక్సెళ్లు, అంటే 23 పిక్సెళ్ల తేడా రావాలి. గెంతు కొలిస్తే 22 నుంచి 24! లెక్క అతికినట్టు సరిపోయింది. ఫిల్ము అంచు చిల్లుల్లో పళ్లు దూర్చి ఒక్కో ఫ్రేమునీ కిందికి లాగే కొక్కేన్ని క్లా అంటారు. నా క్లా ఓ పాత స్కూలు ప్రొజెక్టర్ నుంచి పీకింది, మూడు పళ్లది. ఫిల్ము పొట్టిదైతే కింది పన్నొక్కటే లాగుతుంది. ఆ చిల్లు అంచు అరిగిపోయి ఉంటే మధ్య పన్ను అందుకుంటుంది, ఫ్రేము ఒక మెట్టు తప్పి కూర్చుంటుంది. ఇది నా ఊహే, కానీ గెంతిన తొమ్మిది చోట్ల చూస్తే ఏడింట్లో చిల్లు అరిగే ఉంది. మిగిలిన రెండూ అతుకుల పక్కన.

సాఫ్ట్‌వేర్‌తో సరిచేద్దామంటే అది ఆ అరిగిన అంచునే ఆధారంగా పట్టుకుని ఇంకా చెడగొట్టింది. చిల్లు పై అంచు చూపిస్తే కాస్త నయం. సౌండు ప్రింటు కదా, చిల్లులు ఒకవైపే, రెండో ఆధారం లేదు.

రెండు పళ్లు ఆకురాయితో అరగదీయమని ఒకాయన సలహా. నాకు ఇష్టం లేదు, ఒక్క పన్ను మీద పడితే ఉన్న చిల్లులు కూడా చిరుగుతాయి. క్లానే తీసేసి రబ్బరు రోలరుతో నడిపి, చిల్లు దాటినప్పుడల్లా ఎల్‌ఈడీ సెన్సర్‌తో ఫొటో తీయిస్తాను. రోలరుకు సిలికాన్ కన్నా యూరిథేనే మేలు, సిలికాన్ దుమ్ము పట్టేస్తుంది.

ఈలోగా ‘లా ఆఫ్ ది పంపాస్’ ప్రింటు ఒకటి కంటబడింది. 1939, అందులో హాపీ (కాసిడీ ముద్దుపేరు) అర్జెంటీనాకు పశువులు తోలుకెళ్తాడు. ఈసారి డబ్బు ఇచ్చే ముందే వంద ఫ్రేములు కొలుస్తాను.