గూన దించిన ఇల్లు

పోయిన వారం మా ఇంటికి మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. తూర్పు వైపు గోడ శిథిలమై ప్రమాదకరంగా ఉందట, ఏడు రోజుల్లో మరమ్మతు చేయించాలి లేదా తొలగించాలి, లేకపోతే తదుపరి చర్యలు అని. అమ్మ కళ్లజోడు లేకుండా ఫోన్‌లో చదివి వినిపించింది, "తొలగించాలి" దగ్గర రెండుసార్లు ఆగింది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. ఆ గోడ మా ఒక్కరిదే కాదు, పక్కింటికీ మాకూ ఉమ్మడి గోడ. పక్కిల్లు ఇప్పుడు లేదు. అది ఎట్లా లేకుండా పోయిందో చెప్తే తప్ప ఈ నోటీసు సంగతి అర్థం కాదు, కొంచెం పొడుగు కథ, ఓపిక పట్టండి.

మాది వరంగల్‌లో గిర్మాజీపేట వైపు. పక్కిల్లు ఒకప్పటి ధాన్యం షావుకారుది. ముందు హజారం (వచ్చినవాళ్లు కూర్చునే పెద్ద గది), లోపలికి పోతే నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ టేకు కంబాలు (స్తంభాలు), పైన గూన పెంక, అంటే వంపు తిరిగిన మట్టి పెంకులు. గోడలు మూరెడు పైనే మందం, లోపలంతా మట్టి, పైన డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం), చేత్తో రాస్తే గాజులాగా జారేది. ముందు గోడ నెత్తిన సున్నంతోనే పోసిన పూల తీగ, దాని నడుమ 1347 అని అంకెలు. చిన్నప్పుడు మేమంతా అది కాకతీయుల కాలం ఇల్లు అని గట్టిగా నమ్మి, ఊరి నుంచి వచ్చిన చుట్టాల పిల్లలకు గొప్పగా చూపించేవాళ్లం. కాకతీయ రాజ్యం 1323లోనే పోయిందని ఎవరో చెప్పేదాకా అనుమానమే రాలేదు. అది ఫసలీ సంవత్సరం, నిజాం సర్కారు లెక్క. దానికి 590 కలుపుకోవాలి. అంటే 1937 ప్రాంతం. ఇప్పటికి తొంభై ఏళ్లు కూడా నిండలేదన్నమాట.

గూన ఇంటికి ఒక్కటే షరతు. ఏటా మిరుగం (మృగశిర కార్తె, వానలు మొదలయ్యే రోజులు) రాకముందే మనిషి పైకెక్కి పగిలిన గూనలు తీసి కొత్తవి సర్దాలి, అంతే. కోతులు ఉన్న బజారులో అయితే రెండుసార్లు ఎక్కాలి (మా బజారులో మనుషుల కంటే అవే ఎక్కువ). పైన కప్పు సరిగ్గా ఉంటే మట్టిగోడ తరాల పాటు నిలబడుతుంది. కానీ గోడ నెత్తి మీద ఒక్కచోట నీళ్లు దిగడం మొదలైతే మాత్రం పైన సున్నం తెల్లగా నవ్వుతూనే ఉంటుంది, లోపల గోడ బురద అయిపోతుంది. ఇది తెలిసినవాడికి ఇల్లు కూలగొట్టడానికి బుల్డోజర్ అక్కర్లేదు.

2022 ఎండాకాలంలో నలుగురు కూలీలు వచ్చి పక్కింటి గూన దించడం మొదలుపెట్టారు. అమ్మ అడిగితే "రిపేరమ్మా, కొత్త పెంక వేస్తరట" అన్నారు. అమ్మ సంతోషపడి వాళ్లకు మజ్జిగ కూడా ఇచ్చింది, ఆ మజ్జిగ గురించి ఇప్పటికీ బాధపడుతుంది. కొత్త పెంక రాలేదు. మిరుగం వచ్చింది. అప్పటికే ఆ ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారని మాకు తర్వాత తెలిసింది.

ఇక్కడ షావుకారు పిల్లలను ఒక్క మాట అనలేను. ఏడుగురు వారసులు, ఇద్దరు ఇక్కడ లేరు, పంపకాలు తేలక ఏళ్ల తరబడి ఇల్లు తాళం వేసి ఉంది. ఇట్లాంటి చోట బిల్డర్ వచ్చి, మీరు జాగా ఇవ్వండి, నేను కడతా, ఫ్లాట్లు మీకిన్ని నాకిన్ని అంటాడు, కొంత అడ్వాన్సు చేతిలో పెడతాడు. అందరి సంతకాలు అయ్యేసరికి, పర్మిషన్ వచ్చేసరికి, ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఆ మధ్య కాలంలో ఇల్లు ఎవరిదీ కాదు. ఓనర్లు ఎట్లాగూ కూలగొట్టేదే కదా అని రూపాయి పెట్టరు, బిల్డరు అయితే ఇంకా ముందుకు పోయి, ఆలస్యం అయ్యే కొద్దీ కూలితేనే మంచిదని చూస్తాడు. గూన దించారు, తర్వాత దర్వాజాలు పోయాయి, తర్వాత టేకు కంబాలు. పాత టేకు కొనే దుకాణాలు ఉంటాయి కదా, అక్కడికి. ఆ చెక్కుడు దర్వాజా ఇప్పుడు ఏ రిసార్టులోనో ఫొటోలకు నిలబడి ఉంటుంది, దాని ముందు ఎవరో ప్రీ-వెడ్డింగ్ షూట్ చేయించుకుంటూ ఉంటారు.

మేము ఊరుకోలేదు. అమ్మ పేరుతో నేనే అర్జీ రాశాను, పక్కింటికి కప్పు లేదు, నీళ్లు ఉమ్మడి గోడలోకి దిగుతున్నాయి, కనీసం రేకులైనా వేయించమనండి అని. మున్సిపల్ ఆఫీసులో ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. "ప్రైవేటు ప్రాపర్టీ సార్, వాళ్లు వాళ్ల ఇంటికి పెంక తీసుకుంటే మేమేం చేస్తం, కూలే పరిస్థితి ఉంటే అప్పుడు చెప్పండి" అన్నాడు. కూలే పరిస్థితి 2023 జూలైలో వచ్చింది, వరంగల్ కాలనీలు మునిగిన ఆ వానల్లో. ఒక రాత్రి వెనక అర్ర గోడ పడ్డ చప్పుడుకు బజారంతా లేచింది. దేవుడి దయ, కింద ఎవరూ లేరు. అప్పుడు మాత్రం పని చకచకా జరిగింది. ఇంజినీరు సర్టిఫికెట్ వచ్చింది, ఇల్లు ప్రమాదకరం అన్నారు, తెల్లారి జేసీబీ. మొత్తం రెండు రోజులు పట్టింది. 1347 ఉన్న గోడ ఆఖరున పడింది, దాన్ని వీడియో తీసినవాళ్లు చాలామందే ఉన్నారు, నేనూ తీశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మున్సిపల్ చట్టాలు ఏవి చూసినా, ప్రమాదకరంగా ఉన్న కట్టడం ఓనరుకు నోటీసు ఇచ్చే అధికారం ఉంటుంది, అందులో కూల్చమనడం ఒక్కటే ఉండదు, మరమ్మతు చేయమనడం కూడా ఉంటుంది. మా అమ్మ చేతిలో ఉన్న కాగితంలోనే రెండు మాటలూ పక్కపక్కన ఉన్నాయి. మరి ఆ "మరమ్మతు" అనే మాట బిల్డర్ దగ్గరికి ఎందుకు పోదు? 2022లో గూన దించిన నెలలోనే ఒక నోటీసు అతికించి, నెల రోజుల్లో కప్పు వేయండి, వేయకపోతే మేమే వేసి ఖర్చు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేస్తాం అని ఉంటే, ఆ ఇల్లు ఈరోజు ఉండేదేమో, ఉండకపోయేదేమో, కనీసం మా గోడ మాత్రం ఉండేది. పోనీ ఇల్లు ప్రమాదకరం అని చెప్పే ఇంజినీరును ఓనరే, బిల్డరే పెట్టుకోవడం ఏంటి? బిల్డర్ డబ్బులిచ్చి పిలిచిన ఇంజినీరు "నిలబెట్టొచ్చు సార్" అని రాసిచ్చి పోతాడా?

ఇట్లా అంటే కొందరు, నీకు పాత ఇళ్ల మీద మోజు, మనుషులు చస్తే ఎవరు బాధ్యులు అంటారు. మంచి ప్రశ్నే. ఏటా వానాకాలం పాత గోడలు కూలి మన జిల్లాల్లో మనుషులు పోతూనే ఉంటారు, ఎక్కువగా పేదవాళ్లు, అద్దెకున్నవాళ్లు. అందుకే అడుగుతున్నాను, గూన దించి రెండో వానాకాలం దాకా వదిలేసినవాడిని ఆ ఏడాదిలో ఎవరు అడిగారు? ముందు వరసలో టైలరింగ్ షాపు పెట్టుకున్న కాక 2022 వానాకాలమంతా నెత్తి మీద టార్పాలిన్ కట్టుకుని కుట్టాడు. ఆయనకు పోయే చోటు దొరికాకే కదిలాడు.

చట్టం అసలు లేదా అంటే, ఉంది, కానీ దాని కన్ను వేరే చోట ఉంది. ఖిలా వరంగల్ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, అట్లాంటి కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టడం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. 1958 చట్టాన్ని 2010లో సవరించి గట్టి చేశారు. కోటలోపల ఊళ్లో ఉన్న మా మేనత్త వాళ్లు ఒక గది వేసుకోవాలన్నా టెన్షనే. కోట తోరణాలకు అంత కాపలా పెట్టినవాళ్లం, షావుకార్ల ఇళ్లు, పేటల్లో ఉన్న పాత దుకాణాల వరసలు, ఊళ్లలో దొరల గడీలు, వీటికి ఏమీ లేదు. రాష్ట్రానికి 2017లో వారసత్వ చట్టం వచ్చింది. జాబితాలో పేరు ఎక్కితే అడిగే హక్కు ఉంటుంది, ఎక్కని ఇల్లు మామూలు ఇల్లే.

సర్కారే దారి చూపిస్తే బిల్డర్‌ను ఏమంటాం అని కూడా అనిపిస్తుంది. 1886లో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖైదీలను వేరే జైళ్లకు పంపి మొత్తం నేలమట్టం చేశారు, అక్కడ పెద్దాసుపత్రి కట్టడానికి. ఆసుపత్రి వద్దని ఎవరంటారు, మా ఇంట్లో ఆ జైలులో నేసిన జంపఖానా ఒకటి ఇప్పటికీ ఉంది, అంతకు మించి నాకు ఆ జైలుతో సంబంధం లేదు. కానీ ఒక్క గోడ, ఒక్క గేటు అయినా ఉంచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు చూడండి, అది నాకు ఎక్కలేదు. హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ అనే పాత నవాబు మేడను సర్కారు కూల్చాలనుకుంటే 2019లో హైకోర్టు ఆపింది. ఇక్కడ కోర్టుదాకా పోయే తీరిక ఎవరికుంది.

చేతకాక చేయట్లేదు అనుకుంటే అదీ కాదు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో రాళ్లకు నంబర్లు వేసి విప్పి, తిరిగి నిలబెట్టి 2024లో తెరిచారు. ఆలస్యం గురించి ఎంతైనా తిట్టుకోవచ్చు, మేమూ తిట్టుకున్నాం, కానీ నిలబడింది. అంత రాతి మండపంతో పోలిస్తే ఇంటికి గూన సర్దడం ఒక పనా?

మా సంగతీ చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మా ఇంట్లో సగం గూన తీసి స్లాబు వేయించింది మా బాపే, 1990ల్లో. వెనక గోడకు చెమ్మ వస్తుందని నేనే సిమెంటు పూత వేయించాను, గట్టిగా ఉంటుందని. మట్టిగోడ మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోలేక గోడను తినేస్తుందని అప్పుడు తెలియదు. రెండేళ్లకు సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడింది, మట్టిని కూడా లాక్కుని ఊడింది. నేను హన్మకొండలో ఫ్లాటు కొన్నాను కూడా. అమ్మ రానంది, అందుకే ఈ ఇల్లు ఇంకా ఉంది.

ఇక ఉమ్మడి గోడ. పక్కిల్లు పోయాక మా గోడ రెండో ముఖం బయటపడింది. అటువైపు నీలం సున్నం, దీపం గూడు, దాని పైన తొంభై ఏళ్ల మసి. ఇంటి లోపలి గోడ కాబట్టి వానకు ఎప్పుడూ ఎదురు నిలబడలేదు, ఒక్క వానాకాలానికి కింద నుంచి ఉబ్బింది. నోటీసు అందుకే. బిల్డర్ మనిషిని అడిగితే "అన్నా, మీ గోడ మీరే చూసుకోవాలి, మా హద్దు ఇక్కడికే" అని సున్నంతో గీసిన గీత చూపించాడు. ఆ జాగాలో ఇప్పటికీ పని మొదలు కాలేదు, తుమ్మ మొలిచింది. దానికి నోటీసు లేదు.

గోడకు డంగు సున్నం తెలిసిన మేస్త్రీ కోసం వారం తిరిగాను. చివరికి ఐనవోలు వైపు నుంచి ఒక పెద్దాయన దొరికాడు. గోడ మీద తట్టి, చెవి పెట్టి విని, "తియ్యనక్కర్లేదు అక్కా, కింది మూడు మూరలు మార్చి, నెత్తికి టోపీ పెడితే చాలు" అన్నాడు అమ్మతో. సున్నంలో కలపడానికి కరక్కాయ, బెల్లం, ఇసుక లిస్టు రాయించాడు. గూన కొత్తది ఇప్పుడు చేసేవాళ్లు లేరు, ఎక్కడ తెద్దాం అని అడిగాడు.

అమ్మ లోపలికి తీసుకెళ్లి మంచం కింద చూపించింది. 2022లో ఆ నలుగురు కూలీలు గూన దించుతున్నప్పుడు, మజ్జిగ ఇచ్చిన పూటే, పగలనివి నాలుగు వందలు ఏరి పెట్టించుకుందట, మనకు పనికొస్తాయి బిడ్డా అని. నాకు మూడేళ్లు చెప్పలేదు. మేస్త్రీ ఒక గూన తీసి గోరుతో కొట్టి చూశాడు. సోమవారం వస్తానన్నాడు.