మార్తాండంలో పనసకొమ్మ మీద వాలిన తేనెటీగలు

కన్యాకుమారి వెళ్లేవాళ్లలో చాలామంది సూర్యోదయం, వివేకానంద రాక్ చూసుకుని తిరుగు రైలెక్కేస్తారు. నేను నాగర్‌కోయిల్ దాటి, కేరళ సరిహద్దు వైపున్న మార్తాండం కూడా చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దేశంలో తేనెటీగల పెంపకానికి పేరుమోసిన ఊరది. అక్కడి తేనెకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఆఫీసులో పనిచేసే మిత్రుడి సొంతూరు ఆ పక్కనే. నవంబరులో అతను ఇంటికి వెళ్తుంటే నేనూ బయల్దేరాను.

కుళిత్తురై స్టేషన్‌లో దిగేసరికి సన్నటి జల్లు. దారి పొడవునా రబ్బరు తోటలు. ఇక్కడి తేనెలో ఎక్కువ భాగం రబ్బరు చెట్టుదే. పువ్వుల్లోంచి కాదు, జనవరి తర్వాత చిగురించే లేతాకుల కాడల దగ్గర ఊరే తీపి రసం నుంచి వస్తుంది. ఆ రసం మొదలయ్యే నాటికి పెట్టెల్లో ఈగలు బలంగా ఉండాలి. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెంపకందార్లకు తీరిక ఉండదు. గూట్లో ఈగలు పెరిగి, చోటు ఇరుకై, సగానికి సగం పాత రాణిని వెంటబెట్టుకుని లేచిపోయేది కూడా ఈ నెలల్లోనే.

మేం వెళ్లిన ఇంటి పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. మిత్రుడు ఆయన్ని ‘అన్నాచ్చి’ (పెద్దన్న) అంటాడు, నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను ‘తంబీ’ అన్నాడు. కొబ్బరిచెట్ల మధ్య గుంజల మీద చిన్న చెక్కపెట్టెలు, చీమలు ఎక్కకుండా ప్రతి గుంజకూ నీళ్ల గిన్నె. ఇవన్నీ తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే మన నాటు తేనెటీగలే. వీటికి సరిపోయే చిన్న పెట్టెను వందేళ్ల కిందట తిరుచ్చి ప్రాంతంలో న్యూటన్ అనే జెస్యూట్ క్రైస్తవ ఫాదర్ తయారుచేశాడు. మార్తాండంలో 1920లలో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం తరఫున స్పెన్సర్ హాచ్ రైతులకు ఈ పని నేర్పించాడు. అన్నాచ్చి తండ్రి కూడా అలా నేర్చుకున్నవాళ్ల దగ్గరే నేర్చుకున్నాడట.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే పక్కింటి కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. వాళ్ల పెరట్లో పనసకొమ్మకి గుంపు వాలిందట. అన్నాచ్చి గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

కొమ్మ నుంచి గుమ్మడికాయంత గోధుమరంగు ముద్ద వేలాడుతోంది. పట్టు లేదు, మైనం లేదు, ఉన్నవన్నీ ఈగలే, ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని. నాకు టెన్షన్‌గానే ఉంది. అన్నాచ్చి మాత్రం ముఖానికి వల కూడా కట్టుకోలేదు. ‘బయల్దేరే ముందు కడుపునిండా తేనె తాగి వస్తాయి తంబీ. కాపాడుకోవడానికి ఇల్లూ లేదు, పిల్లలూ లేవు. ఊరికే కుట్టవు’ అన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని ముద్ద పైపొర మీద ఒక ఈగను చూపించాడు. అది తోక గిలకొట్టుకుంటూ చిన్న గీతలా నడుస్తోంది, చుట్టు తిరిగి వచ్చి మళ్లీ అదే గీత. తొర్ర వెతకడానికి వెళ్లొచ్చిన ఈగ అది. ఎటు, ఎంత దూరం అన్నది ఆ నడకలోనే చెబుతుంది. నేను చదివింది గుర్తొచ్చింది. మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి గుంపు మీద పుప్పొడి కాకుండా మసి, ఇటుకపొడి అంటుకున్న ఈగలు ఆడుతుంటే చూసి, ఇవి ఇల్లు వెతుకుతున్నాయని కనిపెట్టాడు. వేర్వేరు ఈగలు వేర్వేరు చోట్లు చెబుతాయి. మెల్లగా అన్నీ ఒకే చోటుకు ఒప్పుకుంటాయి. ఒప్పందం కుదిరిందంటే గుంపు లేచిపోతుంది. ఆలోపే పట్టాలి.

అన్నాచ్చి లోపలివైపు పాత మైనం రుద్దిన వెదురుగంపను ముద్దకి కిందుగా పెట్టాడు. చేత్తో కాసిని నీళ్లు చిలకరించాడు. వాన అనుకుని ఈగలు ఇంకా దగ్గరగా ముడుచుకున్నాయి. కుర్రాడు కొమ్మను ఒక్క కుదుపు కుదిపాడు. ముద్ద మెత్తగా గంపలో పడింది. పైన పల్చటి గుడ్డ కప్పి, ఒక పక్క సందు వదిలి, చెట్టు నీడనే ఉంచాడు. గాలంతా ఈగలు. ఆయన సందు దగ్గరే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి నాలుగైదు ఈగలు సందు అంచున నిలబడి తోకలు పైకెత్తి రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి. ‘రాణి లోపలే ఉంది’ అన్నాడు. రమ్మని మిగతావాటికి వాసన పంపడమది. చూస్తుండగానే బయట తిరిగేవన్నీ వరసగా లోపలికి నడిచాయి.

నాకైతే పని అయిపోయినట్టే అనిపించింది. అసలు పని సాయంత్రం మొదలైంది. మన నాటు ఈగకు నచ్చకపోతే కొత్త పెట్టెను ఒక్క పూటలో వదిలేసి పోతుంది. చీమలు వచ్చినా, మైనంపురుగు పట్టినా, తిండి చాలకపోయినా అంతే. అందుకని అన్నాచ్చి ఇంకో బలమైన పెట్టెలోంచి పిల్లపురుగులున్న పట్టుతో ఒక చెక్క చట్రాన్ని ఈగలు దులిపి తీసి, కొత్త పెట్టె నడుమ అమర్చాడు. పిల్లల్ని చూశాక వాటిని వదిలి పోవడానికి ఈగలకు అంత తొందరగా మనసొప్పదట. చీకటి పడుతుండగా గంపను పెట్టె మీద బోర్లించి తట్టాడు. గుమ్మానికి సన్నటి చీలికలున్న రేకు బిగించాడు. కూలి ఈగలు దూరగలవు, రాణి పట్టదు. కొబ్బరిచిప్పలో చక్కెరపాకం పోసి లోపల పెట్టాడు. పెట్టెను అదే పెరట్లో ఉంచితే పాత గూటికి తిరిగిపోవా అని అడిగాను. గుంపుగా లేచొచ్చిన ఈగలు పాత గుమ్మం వైపు చూడవని, కొత్త చోటునే గుర్తుపెట్టుకుంటాయని చెప్పాడు. ఈ మాట నన్ను చాలాసేపు వదల్లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర 1991, 92 సంగతి వచ్చింది. థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు వచ్చి, పిల్లపురుగులు నీళ్లతిత్తుల్లా ఉబ్బి పట్టు గదుల్లోనే చచ్చిపోయాయి. దక్షిణాదిలో పెట్టెలకు పెట్టెలే ఖాళీ అయ్యాయి. తట్టుకుని మిగిలిన గూళ్ల నుంచి, తోటల్లో, అడవి అంచుల్లో దొరికిన గుంపుల నుంచి మళ్లీ పెంచుకొచ్చారు. అన్నాచ్చి అప్పుడు మైనం పూసిన మట్టికుండల్ని చెట్లకు కట్టి, గుంపులు వచ్చి చేరతాయేమోనని రోజూ తిరిగి చూసేవాడట. వాలిన గుంపు గురించి వినగానే ఆయన కాఫీ వదిలేసి ఎందుకు లేచాడో నాకప్పుడు అర్థమైంది.

మా వైపు అపార్ట్‌మెంట్ల సజ్జాల కింద వేలాడే పెద్ద పట్టుల్ని మంటపెట్టి కాల్చేస్తున్నారు, వాటినీ ఇలా పెట్టెల్లో పెట్టొచ్చా అని అడిగాను. కుదరదన్నాడు. అవి కొండ తేనెటీగలు. బయట వెలుతురులో ఒకే పెద్ద పట్టు కడతాయి, పెట్టెలో ఉండవు. కాలం మారితే వాటంతట అవే లేచిపోతాయి. ‘కొన్నాళ్లు ఓపిక పట్టమనండి, రాళ్లు వేయొద్దనండి. పూలు కాయలవ్వాలంటే అవీ కావాలి’ అన్నాడు. ఇది మన కాలనీల్లో అందరికీ చెప్పాల్సిన మాట. తొర్రలోనో గోడ సందులోనో చిన్న ఈగల గూడు కనిపిస్తే మాత్రం మందు కొట్టకండి, పెంపకం తెలిసినవాళ్లను పిలవండి.

బయల్దేరే రోజు పొద్దున పెట్టె దగ్గరికి వెళ్లాం. ఈగలు వెనకకాళ్లకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు అంటించుకుని రేకు చీలికల్లోంచి ఇరుక్కుంటూ దూరుతున్నాయి. పుప్పొడి పిల్లలకు తిండి, అది తెస్తున్నాయంటే ఉండటానికి ఒప్పుకున్నట్టే. రాణి గుడ్లు పెట్టడం కనిపించాక రేకు తీసేస్తానన్నాడు అన్నాచ్చి. ఈ పెట్టెను అమ్ముతారా అని అడిగాను. అమ్మనన్నాడు. పనసచెట్టు వాళ్లది కాబట్టి పెట్టె ఆ కుర్రాడికే ఇస్తాడట. మొదటి తేనె తీసేటప్పుడు పక్కన తానుంటానన్నాడు.