రెండో వైపు నుంచి చూశావా?

ఆ మధ్య మా ల్యాబ్‌లో పెద్దావిడ నన్ను ఒక మాట అంది. ముప్పై ఏళ్ళుగా కోళ్ళ వైరస్‌లతోనే గడిపిన మనిషి. ఒక వైరస్ కొత్త సీరోటైప్ అని, అంటే పాత రకాల యాంటీబాడీలు ఆపలేని వేరే రకమని, నేను రాసిన రిపోర్టు పట్టుకొచ్చి, "కొత్త సీరోటైప్ అని రాశావు, రెండో వైపు నుంచి చూశావా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే పరీక్ష సగమే అయింది. సగం పరీక్షకి పేరు పెట్టకూడదు" అని కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గొంతు కూడా పెంచలేదు. ఇంగ్లీషు "యు"లో నువ్వూ మీరూ రెండూ ఉంటాయంటారు. ఆ రోజు నాకు మాత్రం నువ్వు అనే వినిపించింది. పదకొండేళ్ళు డాక్టరమ్మా అని పిలిపించుకుని ఈ అమెరికాకి వచ్చినదాన్ని.

ఒక బ్రాయిలర్ ఫారం నుంచి కొరియర్‌లో శాంపిళ్ళు వచ్చాయి. ఐబీకి (ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్, కోళ్ళ శ్వాసరోగం) మాస్, ఆర్క్ అనే రెండు రకాల టీకాలూ వేసిన బ్యాచ్. అయినా కోళ్ళు గురక పెడుతున్నాయట. శాంపిళ్ళని పిండాలున్న గుడ్లలోకి ఎక్కించి, ఒక గుడ్డు నుంచి ఇంకో గుడ్డుకి మారుస్తూ పోతే మూడో విడతకల్లా పిండాలు ఎదగక, ఉండ చుట్టుకుపోయి బయటికొచ్చాయి. ఐబీ ఇలాగే కనిపిస్తుంది. తర్వాత మా ఫ్రీజర్‌లో ఉన్న సీరాలతో, అంటే తెలిసిన రకాల మీద పుట్టిన యాంటీబాడీలున్న రక్తద్రవాలతో, అవి మా వైరస్‌ని ఆపుతాయో లేదో చూసే న్యూట్రలైజేషన్ పరీక్ష పెట్టాను. మాస్, కనెక్టికట్ సీరాలు దాన్ని ఆపనేలేదు. ఆర్క్ సీరం 512 వంతులు పలచన చేసినా తన సొంత వైరస్‌ని ఆపుతుంది. మా వైరస్ దగ్గరికొచ్చేసరికి 16తోనే ఆగిపోయింది. తేడా ముప్పై రెండు రెట్లు. ఇంకేం కావాలనుకున్నాను.

ఇంకోటి కావాలి. మా వైరస్‌తో కోళ్ళలో సీరం తయారుచేసి, అది ఆర్క్‌ని ఆపుతుందో లేదో చూడాలి. రెండు వైపులా ఇరవై రెట్లకు మించి తేడా ఉంటేనే ఐబీలో వేరే సీరోటైప్ అంటారు. ఇది నాకు తెలియక కాదు, చదువుకున్నాను. కానీ మన దేశంలో నేను పని నేర్చుకున్న చోట ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

అక్కడ గుమ్మం దగ్గర మనిషి నిలబడి ఉండేవాడు, చేతిలో సంచి, సంచిలో చనిపోయిన కోళ్ళు. షెడ్డులో ఇంకా వేల కోళ్ళు మిగిలి ఉన్నాయి. అతనితో ఐదు వారాలు ఆగమని ఎలా చెప్తాం? కోసి చూసి, ఊపిరిగొట్టం చూసి, మూత్రపిండాలు ఉబ్బాయా లేదా చూసి, సాయంత్రం లోపల ఒక పేరు చెప్పి పంపేవాళ్ళం. చాలాసార్లు ఆ పేరు సరిపోయింది కూడా. ఇక్కడ నేను ఇంతవరకు ఒక్క రైతు మొహమైనా చూడలేదు. నాకు తెలిసిందల్లా పెట్టె మీది బార్‌కోడే. మొహం కనపడకపోతే ఆగడం తేలికే. ఈ మాట ఆవిడతో అనాలని నాలుగు రోజులు నాలో నేనే వాదించుకున్నాను, అనలేదు.

అయితే ఆవిడ పట్టుదలకు ఇక్కడి చరిత్రే కారణమని తర్వాత అర్థమైంది. ఐబీని మొదట వర్ణించింది 1931లో, నార్త్ డకోటాలో. కనెక్టికట్ వైరస్ తెచ్చే రోగం మాస్ రోగం లాగే ఉన్నా, ఒకదాని నుంచి వచ్చిన రక్షణ రెండోదానికి పనికిరాదని తేలింది 1956లో. రోగం కంటికి ఒకేలా కనపడటం వల్ల పాతికేళ్ళు పట్టింది. గంబోరో అనే ఇంకో కోళ్ళ రోగం సంగతీ అంతే. మన రైతుల నోట ఆ మాట విని అది రోగం పేరే అనుకున్నాను. తీరా చూస్తే డెలావేర్‌లో చిన్న ఊరు, 1962లో ఆ రోగాన్ని వర్ణించింది ఆ చుట్టుపక్కల ఫారాల్లోనే. 1980లలో అదే ప్రాంతంలో టీకా వేసిన కోళ్ళలో వేరియంట్లు బయటపడ్డాయి. సీరోటైప్ మారలేదు, ఒకటే. అయినా పాత టీకా చాలలేదు. పేరు ఒకటే కదా అని నమ్ముకుంటే కోళ్ళు పోతాయి. పేరు వేరు కదా అని తొందరపడితే అక్కర్లేని టీకా షెడ్డులోకి వెళ్తుంది, అదీ బతికున్న వైరస్సే.

నాలుగు వారాలకు మా కోళ్ళ రక్తం తీశాం. మా సీరం మా వైరస్‌ని 256 దాకా ఆపింది, ఆర్క్‌ని 128 దాకా ఆపింది. తేడా రెండు రెట్లే! ఆర్కెట్టి, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1950లో ఇన్‌ఫ్లుయెంజా కోసం కట్టిన లెక్క ప్రకారం రెండు నిష్పత్తులూ (16/512, 128/256) గుణించి వర్గమూలం తీస్తే 12.5 శాతం వచ్చింది. వంద వస్తే రెండూ ఒకటే. ఒకటీ కాదు, వేరు సీరోటైపూ కాదు. కొత్త అన్న మాట నా చేత్తోనే కొట్టేశాను. ఆవిడ చెప్పింది నిజమే. చెప్పిన తీరు మీద మాత్రం నాకింకా కోపం ఉంది.

కానీ ఆ ఫారం అడిగింది పేరు కాదు, ఆర్క్ టీకా కాపాడుతుందా లేదా అని. అది సీరం ఒక్కటే చెప్పలేదు. అందుకే టీకా వేసిన కోళ్ళకు మా వైరస్ ఎక్కించి, ఐదో రోజున ఊపిరిగొట్టాలు రింగులుగా కోశాం, కోడికి పది. మైక్రోస్కోపు కింద ఆరోగ్యంగా ఉన్న రింగు లోపలి అంచంతా సన్నటి నూగులా ఆగకుండా కదులుతుంది. దెబ్బతిన్న చోట కదలిక ఉండదు. కదలిక మొత్తం ఉంటే సున్నా, అసలు లేకపోతే నాలుగు.

మార్కులు నేనొక్కదాన్నే వేస్తాననుకున్నాను. పెద్దావిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తన కాగితం అడ్డంగా చెయ్యి పెట్టుకుని, నన్నూ నా కాగితం కప్పుకోమంది. మొదటి కోడి పది రింగులూ అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాం. ఏడో రింగు దగ్గర నేను రెండు వేశాను, ఆవిడ మూడు వేసింది. ఆ రింగు మళ్ళీ పెట్టి, ముందు నన్నే చూడమంది.