ఈస్ట్ లేని బ్రెడ్ కోసం బేకరీల చుట్టూ తిరగడం మానేశాం

మా వదినకి ఈస్ట్, అంటే బ్రెడ్ పిండిని పులియబెట్టి పొంగించే సూక్ష్మజీవి, పడదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరుగారు ఆ మాట తేల్చి చెప్పినప్పటి నుంచి బ్రెడ్ కొనడం మా ఇంట్లో పెద్ద పనైపోయింది. బేకరీకి వెళ్లి ఈస్ట్ లేని బ్రెడ్ ఉందా అని అడిగితే ముందు బ్రౌన్ బ్రెడ్ చూపిస్తారు, అది కాదంటే మల్టీగ్రెయిన్, అదీ కాదంటే షుగర్ లేనిది కావాలా మేడమ్ అంటారు. అడిగేవాళ్లే తక్కువ కాబట్టి వాళ్లకి తెలియకపోవడంలో తప్పేం లేదు. కానీ ఒకచోట "ఇందులో ఈస్ట్ అసలుండదండీ" అని గట్టిగా చెప్పి మరీ ఇచ్చారు, ఇంటికొచ్చి ప్యాకెట్ తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో మైదా, నీళ్లు, పంచదార, ఆ పక్కనే ఈస్ట్ అని అచ్చేసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. పడని మనిషి తినే వస్తువది, తెలియకపోతే తెలియదని చెప్పాలి కదా! అందుకే ఎవరేం చెప్పినా ముందు ప్యాకెట్ వెనక చదవండి.

ఇంకో సంగతి, సోర్‌డో అనే పులిసిన పిండి బ్రెడ్. ఈస్ట్ వద్దనగానే చాలామంది సోర్‌డో తినమని సలహా ఇస్తారు. అందులో కొన్న ఈస్ట్ వెయ్యకపోవచ్చు గానీ, పిండిలో సహజంగా ఉండే ఈస్టూ లాక్టిక్ బ్యాక్టీరియా కలిసి పులియబెడితేనే ఆ పిండి పొంగుతుంది. అంటే ఈస్ట్ ఉన్నట్టే. ఈస్ట్ నిజంగా పడని వాళ్లకి దాన్ని తెచ్చిపెట్టకండి.

జొన్నరొట్టె, పుల్కా ఉండగా ఈ బ్రెడ్ గోల ఎందుకని మా అత్తయ్య అడిగారు. రాత్రిపూట మేమూ జొన్నరొట్టే తింటాం, దానికి వంక పెట్టేదేం లేదు. కానీ వదినకి పొద్దున్నే టీతో, వెన్న రాసిన టోస్ట్ కావాలి. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, ఒక్కసారిగా మానమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ వెతుకులాటలో దొరికిందే ఐర్లండ్ వాళ్ల సోడా బ్రెడ్. అక్కడ పండే గోధుమ మెత్తరకం, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ తక్కువ, ఈస్ట్‌తో బాగా పొంగే బ్రెడ్‌కి అంత అనువైంది కాదు. 1830ల తర్వాత వంటసోడా ఇళ్లలోకి రావడంతో, వెన్న తీశాక మిగిలిన మజ్జిగతో దాన్ని కలిపి రొట్టె కాల్చుకోవడం మొదలైంది. చాలా ఇళ్లలో ఓవెన్ లేదు, మూడు కాళ్ల ఇనప కుండలో పిండి ముద్ద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేవాళ్లు. ఇది చదవగానే నాకు మన గోదావరి వైపు మందపాటి గిన్నెలో పిండి పోసి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు పెట్టి కాల్చే దిబ్బరొట్టె గుర్తొచ్చింది. ఇక ఈ బ్రెడ్ మన వంటింట్లో కుదరకపోవడం ఉండదనిపించింది.

ఇదంతా పులుపుకీ సోడాకీ మధ్య జరిగే పని. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం తగలగానే సోడా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ బుడగలే రొట్టెని లేపుతాయి. ఈస్ట్‌లాగా గంటలు ఆగదు, తడి తగిలిన క్షణం నుంచే మొదలైపోతుంది. కాబట్టి ఓవెన్ ముందే 220 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి, ఆ తర్వాతే పిండి తడపాలి.

మా కొలత ఇది. మైదా, గోధుమపిండి సగం సగం, మొత్తం 450 గ్రాములు. ఒట్టి గోధుమపిండితో చేస్తే రొట్టె బరువుగా వస్తుంది, మన మరపిండి నీళ్లు కూడా ఎక్కువ లాగుతుంది. దాంట్లో తలకొట్టిన టీ చెంచాడు వంటసోడా, టీ చెంచాడు ఉప్పు వేసి జల్లించాలి. సోడా ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, కనుక కొలత దగ్గర ధారాళం వద్దు. మజ్జిగ సుమారు 400 మిల్లీలీటర్లు. మనం తాగే పలచటి మజ్జిగ కాదు, బాగా పులిసిన పెరుగులో పావువంతు నీళ్లు పోసి చిలికింది. పులిసిన పెరుగు కూడా వద్దని డాక్టరు చెప్పి ఉంటే పాలల్లో నిమ్మరసం పిండి విరగనిచ్చి వాడండి. వెనిగర్ మాత్రం వద్దు, దాని తయారీలోనే ఈస్ట్ ఉంది.

పిండి మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసి, వేళ్లు పంజాలా విప్పి గుండ్రంగా తిప్పాలి. పొడిపిండి కనపడకుండా పోగానే చెయ్యి తీసెయ్యాలి. చపాతీ పిండిలా మర్దించే అలవాటుని ఇక్కడ కట్టిపెట్టాలి, మర్దిస్తే రొట్టె గట్టిపడుతుంది. ముద్ద చేతికి అంటుకుంటూ, గతుకులు గతుకులుగా ఉంటుంది, అలాగే ఉండాలి. పళ్లెంలో గుండ్రంగా సర్ది, పైన కత్తితో లోతుగా ప్లస్ గుర్తు గీస్తే మధ్యభాగం కూడా ఉడుకుతుంది. వెంటనే ఓవెన్లో పెట్టి, 15 నిమిషాలయ్యాక వేడి 200కి తగ్గించి ఇంకో అరగంట. తీసి తిరగేసి అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి, మోగకపోతే ఇంకాసేపు పెట్టండి. పైన పెళుసుగా కాకుండా మెత్తగా కావాలంటే వేడి మీదే శుభ్రమైన గుడ్డ చుట్టేయండి.

బేకరీ బ్రెడ్‌లా దూదిలా ఉంటుందని మాత్రం ఆశపడకండి. నలిగే రకం, కాస్త పులుపు, వెన్న రాస్తే అద్భుతం. నాకైతే ఇప్పుడు కొన్న బ్రెడ్డే చప్పగా అనిపిస్తోంది. చేసిన రోజే రుచి, మర్నాటికి ఎండుతుంది, కాబట్టి మిగిలినది ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టి, కావాల్సినప్పుడు తీసి టోస్ట్ చేస్తున్నాం.

ఓవెన్ లేనివాళ్లూ ఆగక్కర్లేదు. ఉత్తర ఐర్లండ్‌లో ఇదే పిండిని మందంగా ఒత్తి, నాలుగు ముక్కలుగా కోసి, పెనం మీద కాలుస్తారు. మందపాటి ఇనప పెనం, సన్నని మంట, ఒక్కో వైపు ఎనిమిది పది నిమిషాలు, అంచులు కూడా నిలబెట్టి కాస్త కాల్చండి. పెనం మీద మైదా చల్లితే చాలు, నూనె అక్కర్లేదు.